పనొచ్చినవాడికి పట్టా



ఇల్లు కట్టేచోట ఇటుక పని మొదలైన రోజున కాసేపు నిలబడి చూడండి. ముందుగా లేచేవి మూలలు. వాటిని కట్టేది పెద్దమేస్త్రీ. తూకం గుండు వేలాడదీసి నిలువు చూసుకుంటాడు. రసమట్టం పెట్టి అడ్డం చూసుకుంటాడు. మూలమట్టం ఆనించి రెండు గోడలు కలిసేచోటు సరిచూసుకుంటాడు. ఆ తర్వాత ఒక మూల నుంచి ఇంకో మూలకు దారం కడతారు. మిగతా మేస్త్రీలు ఆ దారం వెంట వరసలు పేర్చుకుంటూ పోతారు. మూల అరంగుళం తప్పిందంటే గోడంతా తప్పుతుంది, ఆ తప్పు స్లాబు దాకా వెంట వస్తుంది. అందుకని కొత్తవాడికి మూల అప్పగించరు.

కూలీగా చేరిన కుర్రవాడు మొదట ఇటుకలు తడుపుతాడు, ఇసుక జల్లిస్తాడు, మాలు అందిస్తాడు. ఏడాదికో రెండేళ్ళకో తాపీ చేతికి వస్తుంది. దారం వెంట ఇటుక పెట్టడం అలవాటవుతుంది. తర్వాత ప్లాస్టింగు, ఆ తర్వాత మెట్లు. ఒకరోజు పెద్దమేస్త్రీ ఇటు తిరిగి, "ఒరేయ్, ఆ తూర్పు మూల నువ్వు లేపు" అంటాడు. ఆ మాటతో అతను మేస్త్రీ అయిపోయినట్టే. ఎవరూ ప్రశ్నపత్రం ఇవ్వలేదు. ఫలితం మాత్రం సాయంత్రానికల్లా సైటులో అందరికీ తెలుస్తుంది. వారం తిరగకుండానే కూలి రేటు మారుతుంది.

అంటే ఈ చదువులో గురువున్నాడు, తరగతులున్నాయి, పరీక్ష కూడా ఉంది. లేనిదల్లా పట్టా. పనిలో పడి పని నేర్చుకున్న ఇలాంటివాళ్ళను అధికారికంగా గుర్తించడం ఎలా, ఆ గుర్తింపు వాళ్ళకు నిజంగా పనికిరావాలంటే ఏం చేయాలి అన్నదే ఈనాటి ప్రసంగం. తాపీమేస్త్రీని ముందు పెట్టుకుని మాట్లాడుతున్నాను గానీ, రాడ్ బెండింగు చేసేవారికి, వడ్రంగికి, ప్లంబరుకు, ఎలక్ట్రీషియనుకు, విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే మనిషికి, టింకరింగు చేసే మనిషికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఆ మేస్త్రీ తన ఊళ్ళో ఉన్నంతకాలం పట్టాతో పని పడదు. ఫలానా పెద్దమేస్త్రీ దగ్గర నేర్చాడంటే చాలు, నాలుగూళ్ళ వాళ్ళు పిలిచి పని ఇస్తారు. ఆ మాట చెల్లేది ఆ నాలుగూళ్ళలోనే. మన పనివాళ్ళు ఊరు దాటి పోకుండా బతికిన కాలం ఎప్పుడో పోయింది. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు, కాలువలు, రోడ్లు వేశారు. ఉత్తరాంధ్ర జనం చెన్నైకీ బెంగళూరుకీ కట్టడాల పనికి పోతారు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయే దారి మనకు తెలిసిందే. అలా పోయినవాడు ఒక పెద్ద కంపెనీ సైటు గేటు దగ్గర నిలబడ్డాడనుకుందాం. సూపర్‌వైజరుకూ అతనికీ మధ్య మాటలు దాదాపు ఇలా ఉంటాయి.

"ఏం చదివావు?"

"ఐదు దాకా సార్."

"ఐటీఐ ఏమైనా ఉందా?"

"లేదు సార్. ఇరవయ్యేళ్ళ పని. చేయించి చూడండి సార్."

"చూద్దాంలే. ఇప్పటికైతే హెల్పర్ కింద రాస్తున్నా."

ఆ రిజిస్టరులో పడ్డ ఒక్క మాట అతన్ని ఎంతకాలం వెంటాడుతుందో చూడండి. రోజు కూలి హెల్పర్ రేటు. ఓవర్‌టైము ఆ రేటు మీదే. పీఎఫ్ ఉంటే అదీ ఆ రేటు మీదే. పది రోజులు గడిచాక పని ఒత్తిడి పెరిగితే, అతని చేత మేస్త్రీ పనే చేయిస్తారు. రిజిస్టరులో మాట మాత్రం మారదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. మన చట్టం అతన్ని హెల్పర్ అనమని చెప్పలేదు. కేంద్ర ప్రభుత్వం కనీస వేతనాలు ప్రకటించేటప్పుడు పనిని నాలుగు తరగతులుగా విడదీస్తుంది. నైపుణ్యం అక్కర్లేని పని, కొంత నైపుణ్యం కావలసిన పని, నైపుణ్యం గల పని, అత్యంత నైపుణ్యం గల పని. వీటిలో నైపుణ్యం గల పని అంటే ఏమిటో కూడా వివరిస్తుంది. పనిలో అనుభవం వల్ల వచ్చిన నేర్పయినా, అప్రెంటిస్‌గా నేర్చినదైనా, వృత్తివిద్యా సంస్థలో నేర్చినదైనా నైపుణ్యమే అన్నది ఆ వివరణ సారాంశం. అనుభవాన్ని ముందే లెక్కలోకి తీసుకున్నారు. కాలేజీ సర్టిఫికెట్టుతో సమానంగానే కూర్చోబెట్టారు.

మరి గేటు దగ్గర ఎందుకు చెల్లడం లేదు? అనుభవం ఉందని తేల్చాల్సింది ఎవరు అన్న ప్రశ్నకు అక్కడ జవాబు లేదు గనుక. ఐటీఐ వాడి చేతిలో కాగితం ఉంది, దాన్ని చూస్తే సరిపోతుంది. ఇతని నేర్పు తెలియాలంటే ఒక పూట పని చేయించి చూడాలి. చూసి, "అవును, మేస్త్రీయే" అని ఒప్పుకుంటే రేటు పెంచాలి. గుర్తించాల్సినవాడి జేబులోంచే డబ్బు పోవాలన్నమాట. అలాంటప్పుడు అతను గుర్తించకపోవడంలో ఆశ్చర్యం ఏముంది? ఈ మొత్తం వ్యవహారంలో నాకు కీలకంగా కనిపించేది ఇదే. పనివాడి నేర్పును తేల్చే బాధ్యత పని ఇచ్చేవాడి దయకు వదిలేస్తే అది ఎప్పటికీ తేలదు. బయటివాళ్ళు తేల్చాలి, తేల్చినదానికి పని ఇచ్చేవాడు కట్టుబడాలి. ఈ రెండింట్లో ఏది లేకపోయినా పట్టా గోడకు వేలాడే పటం అవుతుంది.

మన దేశంలో నైపుణ్యం గురించి మాట్లాడినప్పుడల్లా ఒక అంకె వినిపిస్తుంది. 2015 నాటి జాతీయ నైపుణ్య విధానంలో ఉన్న లెక్క అది. మన పనివాళ్ళలో పద్ధతి ప్రకారం శిక్షణ పొందినవారు 4.69 శాతం. పక్కనే జర్మనీ 75, జపాన్ 80, దక్షిణ కొరియా 96 శాతం అని రాసి ఉంటుంది. ఈ అంకె చదివి, వందలో తొంభై అయిదుగురికి పని రాదని తీర్మానించేస్తాం. మరి ఈ దేశంలో లేచిన ఇళ్ళు, వంతెనలు, రిపేరై రోడ్డెక్కిన లారీలు ఎవరి చేతి పని? ఆ అంకె బడిలో నేర్చినవారిని లెక్కపెట్టింది. సైటులో, షెడ్డులో, నాన్న పక్కన కూర్చుని నేర్చినవారు ఆ లెక్కలో కనిపించరు. మనకు శిక్షణా కేంద్రాలు ఇంకా కావాలి, అందులో సందేహం లేదు. అయితే ఇప్పటికే పని వచ్చిన కోట్లమందిని పనిరానివాళ్ళ కింద రాసుకుని కేంద్రాలు కట్టుకుంటూ పోతే, ఉన్నదాన్ని వదిలి లేనిదాన్ని వెతుక్కున్నట్టు అవుతుంది.

ప్రభుత్వాలు ఈ సంగతి గమనించలేదని అనలేం. 2013 డిసెంబరులో జాతీయ నైపుణ్య అర్హతల చట్రాన్ని ప్రకటించారు. ఏ పనికి ఏ స్థాయి నేర్పు కావాలో మెట్లుగా పేర్చిన ఏర్పాటు అది. మొదట 10 మెట్లు వేశారు, 2023లో వాటిని 8కి సవరించారు. ఆ మెట్టు ఎక్కడానికి బడి గుండా వచ్చావా, పని గుండా వచ్చావా అన్నది అడ్డు కాకూడదన్నది దాని మూలసూత్రం. 2015 జులైలో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక దారి పెట్టారు. దాన్ని ఆర్పీఎల్ అంటారు. అంతకుముందే నేర్చుకున్న పనిని పరీక్షించి గుర్తించడం అన్నమాట. పనివాళ్ళు ఎక్కువగా ఉన్న చోట క్యాంపు పెడతారు, లేదా కంపెనీ సైటులోనే ఏర్పాటు చేస్తారు. కొన్ని గంటలపాటు భద్రత గురించి, పని ప్రమాణాల గురించి చెబుతారు. తర్వాత పరీక్షకుడు వచ్చి పరీక్ష పెడతాడు. నెగ్గినవారికి సర్టిఫికెట్టు వస్తుంది. ఈ దారిన లక్షల మంది సర్టిఫికెట్లు అందుకున్నారు.

హైదరాబాదులో 1998లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఏర్పడింది. మనవాళ్ళు న్యాక్ అంటారు. నిర్మాణ రంగంలో పనివాళ్ళకు శిక్షణ ఇచ్చి ధ్రువపత్రం ఇచ్చే సంస్థగా దానికి పేరుంది. ఇక 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి రోజున పీఎం విశ్వకర్మ పథకం మొదలైంది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, కంసాలి, శిల్పి, తాపీమేస్త్రీ, చెప్పులు కుట్టేవారు, మంగలి, చాకలి, దర్జీ, పడవలు చేసేవారు, చేపల వలలు అల్లేవారు, ఇలా 18 వృత్తులు అందులో ఉన్నాయి. వీరికి సర్టిఫికెట్టు, గుర్తింపు కార్డు ఇస్తారు. అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, ఆ రోజుల్లో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్ల కోసం 15,000 రూపాయలు ఉంటాయి. పూచీకత్తు లేకుండా మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షల దాకా అప్పు, దాని మీద వడ్డీ 5 శాతం. ఈ పథకంలో నాకు నచ్చిన అంశం ఏమిటంటే, గుర్తింపు వెంటనే బ్యాంకులో అప్పు ఉంది. పట్టాకు ఒక తలుపు తెరుచుకుంటోంది.

ఆర్పీఎల్ సర్టిఫికెట్టు దగ్గరే ఆ తలుపు సరిగ్గా కనిపించదు. ఒక మేస్త్రీ రెండు రోజులు కూలి మానుకుని క్యాంపుకు పోయి, ఫొటో దిగి, సర్టిఫికెట్టు తెచ్చుకున్నాడనుకోండి. సోమవారం పనికి పోతే అదే రేటు. కాంట్రాక్టరు దాన్ని చూడనే చూడడు. ఇంటి యజమాని అడగడు. రెండో క్యాంపు పెట్టినప్పుడు అతను తన తమ్ముణ్ణి ఎందుకు పంపుతాడు?

పరీక్ష తీరులోనూ చిక్కులున్నాయి. ట్యాబులో నాలుగు జవాబులిచ్చి సరైనది నొక్కమంటే, అది చదవగలిగినవాడికి సులువు. ఇటుకను నీళ్ళలో ఎందుకు నానబెట్టాలో తెలిసి కూడా, ప్రశ్న అర్థంకాక తప్పు నొక్కేవాడుంటాడు. ఎండు ఇటుక మాలులోని నీళ్ళు పీల్చేస్తుంది, గోడ పట్టు రాదు. ఇది అతని చేతికి తెలుసు. చేయించి చూస్తే తెలుస్తుంది, లేదా అతని మాటలో అడిగితే చెబుతాడు. మరో చిక్కు పనిని ముక్కలు చేయడం. అధికారిక జాబితాలో మామూలు తాపీపని ఒక ఉద్యోగం, టైల్స్ వేయడం మరో ఉద్యోగం, మార్బుల్, గ్రానైటు వేయడం ఇంకో ఉద్యోగం. మన ఊళ్ళ మేస్త్రీ ఇవన్నీ చేస్తాడు, పైన వాటర్ ప్రూఫింగు కూడా చేస్తాడు. అతని ఇరవయ్యేళ్ళ పనిలో ఏదో ఒక ముక్కకే సర్టిఫికెట్టు దక్కుతుంది. ఎప్పుడూ ఇటుక పెట్టని మనిషి పరీక్షకుడిగా వస్తే, అతను చూసేది ఫారం నిండిందా లేదా అనే. ఈ లోపాలు ప్రతి క్యాంపులోనూ ఉన్నాయని నేననడం లేదు. ఒకరోజులో ఎంతమందికి సర్టిఫికెట్లు ఇచ్చామన్నదే లక్ష్యమైన చోట ఇవి తప్పకుండా వస్తాయి.

బయటి దేశాలు దీన్ని ఎలా చేస్తున్నాయో రెండు మాటలు చెప్పుకుందాం. జర్మనీ వృత్తి శిక్షణకు పేరుపడ్డ దేశం గదా. అక్కడి చట్టంలో ఒక వెసులుబాటుంది. ఒక పనికి శిక్షణ ఎన్నేళ్ళో, దానికి ఒకటిన్నర రెట్లు కాలం ఆ పనిలో గడిపినవాణ్ణి నేరుగా చివరి పరీక్షకు కూర్చోనిస్తారు. మూడేళ్ళ శిక్షణ అయితే నాలుగున్నరేళ్ళ అనుభవం చూపించాలి. పరీక్ష మాత్రం అందరికీ ఒకటే, అందులో సడలింపు లేదు. ఫ్రాన్సులో 2002 చట్టం ఇంకా ముందుకు పోయింది. పనిచేసిన అనుభవాన్ని వివరంగా రాసి సమర్పిస్తే, నిపుణుల బృందం పిలిచి మాట్లాడి పరీక్షించి, పూర్తి డిప్లొమా ఇవ్వగలదు. కాలేజీలో చదివినవాడికి ఇచ్చేదీ అదే డిప్లొమా. దక్షిణాఫ్రికాలో కథ వేరు. వర్ణవివక్ష రోజుల్లో నల్లజాతి కార్మికులు నేర్పున్న పని చేస్తూనే నేర్పులేనివాళ్ళ జీతం తీసుకున్నారు. ఆ అన్యాయం సరిదిద్దమని కార్మిక సంఘాలు పట్టుబట్టాయి. 1995లో చట్టం చేసి తెచ్చిన జాతీయ అర్హతల చట్రం వెనక ఆ పట్టుదల ఉంది. 2004లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన 195వ సిఫారసులో, ఎక్కడ ఎలా నేర్చినా ఆ నేర్పును మదింపు చేసి ధ్రువీకరించే ఏర్పాట్లు ఉండాలని సభ్య దేశాలకు చెప్పింది.

జర్మనీ, ఫ్రాన్సుల పద్ధతిలో గమనించాల్సింది, పనిలో నేర్చినవాడికి తక్కువ రకం కాగితం ఇవ్వకపోవడం. మనదగ్గర ఐటీఐ సర్టిఫికెట్టు ఒక విలువ, క్యాంపు సర్టిఫికెట్టు ఇంకో విలువ అన్నట్టుంది. రెండు రకాల పట్టాలుంటే గేటు దగ్గర మనిషి రెండోదాన్ని పక్కకు నెడతాడు.

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయంగా వేసుకోవాలి. అనుభవం అన్నీ నేర్పుతుందా? నేర్పదు. పిల్లర్లకూ బీములకూ చుట్టూ వేసే రింగులు చూడండి. వాటి కొనలను చాలా సైట్లలో 90 డిగ్రీలకు వంచి వదిలేస్తారు. తాతల నాటి నుంచి అలాగే వంచారు, కట్టడాలు నిలబడే ఉన్నాయి గదా అంటారు. భూకంపం వస్తే పైపొర కాంక్రీటు రాలిపోతుంది, 90 డిగ్రీల కొన విప్పుకుంటుంది, లోపలి రాడ్లు ఉబ్బి బయటపడతాయి. అందుకే భూకంపాలకు తట్టుకునే కట్టడాల ప్రమాణం కొనను 135 డిగ్రీలకు వంచి లోపలి కాంక్రీటులోకి పోనివ్వమంటుంది. భూకంపం చూడని మేస్త్రీకి అనుభవం ఈ సంగతి ఎలా చెబుతుంది? నీళ్ళు కొట్టడం కూడా అంతే. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిపిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడిపి ఉంచాలని ప్రమాణం. ఈరోజు బజారులో ఎక్కువగా దొరికేది రెండో రకం. పనివాళ్ళ అలవాటు మాత్రం పాత సిమెంటు నాటిది. గుజరాత్‌లో 2001 భూకంపం తర్వాత తాపీమేస్త్రీలకు పెద్దఎత్తున మళ్ళీ శిక్షణ ఇవ్వాల్సి వచ్చింది. వాళ్ళకు ఇటుక పెట్టడం రాదని గాదు. తెలిసిన పనికి తెలియని ఒక్క సంగతి కలపాల్సి వచ్చింది.

కరెంటు పనిలో ఇది మరీ ముఖ్యం. మన నిబంధనల ప్రకారం వైరింగు చేయాల్సింది లైసెన్సున్న కాంట్రాక్టరు, సామర్థ్య పత్రం ఉన్న సూపర్‌వైజరు కనుసన్నల్లో, పర్మిటు ఉన్న వైర్‌మన్ చేత. మన ఇళ్ళలో వైరింగు చేసినవారిలో ఎంతమందికి పర్మిటుందో మీరే ఆలోచించుకోండి. వాళ్ళకు పని రాదని నేననను. ఎర్తింగు సరిగ్గా వేయకపోయినా ఫ్యాను తిరుగుతుంది, బల్బు వెలుగుతుంది, ఇంటివాళ్ళకు తెలియదు. తెలిసేది షాకు కొట్టిన రోజున. తప్పు చేస్తే ప్రాణం పోయే పనిలో అనుభవానికి గౌరవం ఇస్తూనే, పరీక్షను గట్టిగా పెట్టాలి. గుర్తింపు పేరుతో పరీక్షను తేలిక చేస్తే నష్టపోయేది ముందుగా నేర్పున్న పనివాడే. అందరికీ దొరికే పట్టాకు విలువ ఉండదు.

కాబట్టి మంచి పరీక్షకు రెండు వైపులుండాలి. ఒకవైపు అతనికి వచ్చినదాన్ని చేయించి చూడాలి. పెద్దమేస్త్రీ చేసినట్టే ఒక మూల లేపమనాలి. తూకం గుండు వేసి చూస్తే తేలిపోతుంది. రెండోవైపు, అతనికి తెలియనిది ఏదో గుర్తించి ఆ కాస్తే నేర్పాలి. వచ్చినవాడికి మొదటి నుంచీ పాఠం చెప్పడం అతన్ని అవమానించడమే, పైగా రోజు కూలి పోగొట్టడం. పరీక్షకుల్లో ఒకరు తప్పనిసరిగా ఆ పనిలోనే తలపండిన మేస్త్రీ అయి ఉండాలి. ఇంజనీరు పక్కన అతను కూర్చోవాలి. అతని సంతకానికీ విలువ ఉండాలి.

ఇక సైటులో ఎవరూ పట్టించుకోని మనిషి గురించి చెప్పాలి. మాలు కలిపే ఆమె. గోడకు సిమెంటు ఒకటికి ఇసుక ఆరు, ప్లాస్టింగుకు వేరే పాలు, స్లాబుకు మరోటి. ఇసుక తడిగా ఉంటే ఉబ్బుతుంది, తట్టల లెక్కన పోస్తే ఇసుక తక్కువ పడుతుంది. ఎండు ఇసుకైతే అదే తట్టకు ఎక్కువ పడుతుంది. ఈ తేడా చేత్తో పట్టుకుని చెప్పగలవాళ్ళు ఆ ఆడవాళ్ళే. నీళ్ళు ఎంత పోయాలో వాళ్ళే చూసుకుంటారు. గోడ గట్టిదనం సగం అక్కడే తేలిపోతుంది. కూలి రిజిస్టరులో మాత్రం వాళ్ళు నైపుణ్యం లేనివాళ్ళు. మగపిల్లాడు రెండేళ్ళు మాలు అందించి తాపీ పట్టుకుంటాడు. ఆమె ఇరవయ్యేళ్ళు మాలు కలిపినా తాపీ ఆమె చేతికి రాదు. జార్ఖండ్‌లో మరుగుదొడ్ల నిర్మాణ కార్యక్రమంలో ఆడవాళ్ళకు తాపీపని నేర్పి పనిలో పెట్టారు. అక్కడ వాళ్ళను రాణి మిస్త్రీలంటారు. చేయలేని పని కాదని అక్కడ తేలిపోయింది. గుర్తింపు పరీక్ష మనదగ్గర పెట్టేటప్పుడు మేస్త్రీలను మాత్రమే పిలిస్తే, సైటులో ఉన్న నేర్పులో సగాన్ని చూడకుండా వదిలేసినట్టే.

పనివాళ్ళను గౌరవించడం మనకు తెలియనిదేం కాదు. పాలంపేట గుడిని కట్టించినవాడు రేచర్ల రుద్రుడని 1213 నాటి శాసనం చెబుతుంది. జనం మాత్రం ఆ గుడిని రామప్ప గుడి అంటారు, అది శిల్పి పేరని చెప్పుకుంటారు. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత, 2021లో అది యునెస్కో వారసత్వ జాబితాలో చేరినప్పుడు కూడా ఆ పేరు వెంట వెళ్ళింది. మన కాలానికి వస్తే ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం చిన్నప్పుడే బడి మానేశారు. చీర నేతకు ముందు దారం ఆసు పోస్తూ అమ్మ పడే భుజాల నొప్పి చూడలేక, ఏళ్ళ తరబడి తంటాలు పడి ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఏ ఇంజనీరింగు కాలేజీ నేర్పని పని అది. ఇలాంటి పురస్కారాలు వచ్చినప్పుడు మనసు నిండుతుంది. కాని పురస్కారం లక్షల మందిలో ఒకరిని వెతుక్కుంటూ వస్తుంది. కొండపల్లి బొమ్మకు, పోచంపల్లి చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. ఆ గుర్తింపు వస్తువుది, దాన్ని చేసిన మనిషి కూలి రేటును అది తేల్చదు. మిగిలిన లక్షల మందికి కావలసింది సన్మానం కాదు. ఫలానా రోజున ఫలానా చోటికి పోతే నీ పని చూసి తేలుస్తారు, తేలినదాన్ని బట్టి నీ రేటు మారుతుంది అన్న నమ్మకం కావాలి.

దీనికి కొత్తగా ఏదో కనిపెట్టక్కర్లేదు. కేంద్ర ప్రజాపనుల శాఖ, అంటే సీపీడబ్ల్యూడీ, తన కాంట్రాక్టు షరతుల్లో ఒక మాట రాసింది. పెద్ద పనుల్లో కాంట్రాక్టరు పెట్టుకునే నేర్పున్న పనివాళ్ళలో, ఒక్కో పనిలో కనీసం 20 శాతం మందికి గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్టు ఉండాలి. లేకపోతే కాంట్రాక్టరు అపరాధం కట్టాలి. ఇలాంటి షరతు ఉన్నచోట సర్టిఫికెట్టు ఉన్న మేస్త్రీని కాంట్రాక్టరే వెతుక్కుంటాడు. మన రాష్ట్రాల్లో రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్, మునిసిపాలిటీలు, హౌసింగు బోర్డులు ఏటా కట్టించే పనులు ఎన్నో ఉన్నాయి. వాటి టెండర్లన్నింటిలో ఇలాంటి షరతు పెట్టి, సైటుకు పోయి సరిచూసే మనిషిని పెట్టి, సర్టిఫికెట్టు ఉన్నవాడికి నైపుణ్యం గల పనివాడి కనీస వేతనం తప్పనిసరి చేస్తే చాలు. క్యాంపులకు రమ్మని పనివాళ్ళను బతిమాలాల్సిన పని ఉండదు, వాళ్ళే క్యూ కడతారు.

పరాయి దేశం ఈ పని చేసి చూపిస్తోంది కూడా. సౌదీ అరేబియా కొన్ని పనులకు, అందులో ఎలక్ట్రీషియను, ప్లంబరు, వెల్డరు పనులున్నాయి, మన దేశంలోనే పరీక్ష పెట్టించి, నెగ్గినవారినే తీసుకునే పద్ధతి తెచ్చింది. పదో తరగతి పాసైతే, సౌదీ లాంటి దేశాలకు పోవడానికి వలస అనుమతి అక్కర్లేని పాస్‌పోర్టు మనవాళ్ళు ఇస్తారు. చదువు తక్కువైనా పని వచ్చినవాణ్ణి మన కాగితం కాస్త అనుమానంగా చూస్తుంది. వాళ్ళ పరీక్ష మాత్రం చెయ్యి చూస్తుంది. ఆ పరీక్ష వాళ్ళ అవసరం కోసమే అయినా, మనం నేర్చుకోవాల్సింది అందులో ఉంది.

ఈ మాటలు వింటున్న పనివాళ్ళకు ఒక మనవి. ఎక్కడెక్కడ పనిచేశారో, ఏ ఏడాది, ఏ ఇంజనీరు కింద, ఏ పని చేశారో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. రాయడం రాకపోతే పిల్లల చేత రాయించండి. చేసిన పనికి ఫోనులో ఫొటోలు తీసి దాచుకోండి. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్ పోర్టల్‌లో మీ వృత్తి ఏమని రాశారో చూసుకోండి. మేస్త్రీ అయి ఉండి "కూలీ" అని రాయించుకోకండి. రేపు గుర్తింపు పరీక్ష గట్టిగా వచ్చినప్పుడు ఈ చిట్టాయే మీ సాక్ష్యం.

ఇల్లు కట్టించుకునేవారికీ ఒక మాట. వైరింగు మొదలుపెట్టే ముందు పర్మిటు ఉందా అని అడగండి. రింగుల కొనలు ఎలా వంచుతున్నారో చూడండి. ఇవి తెలిసి చేసే పనివాడు దొరికితే రోజుకు వంద ఎక్కువ అడిగినా ఇవ్వండి. మీరు ఇచ్చే ఆ వంద ఆ పక్కనున్న కుర్రవాడికి ఏ ప్రకటనా చెప్పలేని సంగతి చెబుతుంది. నేర్చుకుంటే రేటు మారుతుందని తెలిస్తే, వాడు నేర్చుకుంటాడు.

ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒక్కటే. ఎన్ని సర్టిఫికెట్లు పంచామన్న లెక్క ఏటా చెబుతున్నారు. ఇక మీదట, సర్టిఫికెట్టు తీసుకున్నవాళ్ళలో ఎంతమందికి కూలి రేటు పెరిగిందో కూడా చెప్పమందాం. ఆ లెక్క చెప్పాల్సి వచ్చినప్పుడు పరీక్ష దానంతటదే సరవుతుంది, టెండరు షరతు దానంతటదే అమలవుతుంది.